ఇంజన్ రాజం బిడ్డ

రుద్రూర్‌లో లక్ష్మీరాజం ఇంటి అరుగు బోధన్ రోడ్డుకు పది అడుగుల దూరంలో ఉంటుంది. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని, రోడ్డుకు వీపు తిప్పి ఆ అరుగు మీద కూర్చోవడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. వెనక నుంచి పోయే ప్రతి బండినీ చూడకుండానే చెప్పేవాడు. "ఫస్టు బస్సు. తోలేటోడు కొత్తోడు, గేరు లేటుగ మారుస్తుండు" అనేవాడు. "గీ ట్రాక్టరుకు రెండు దినాలల్ల నాజిల్ పోతది, సూస్తుండు" అనేవాడు. రెండు రోజులు తిరక్కుండానే ఆ ట్రాక్టరు మనిషి వచ్చి అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

ఆ బుధవారం పొద్దున కూడా వెనక నుంచి ఏదో పోయింది. అరుగు బండ సన్నగా అదిరింది.

"ఆరున్నర బస్సు. ఇయ్యాల టైముకొచ్చింది" అన్నాడు లక్ష్మీరాజం.

పోయింది బస్సు కాదు. చెరకు లోడుతో ఫ్యాక్టరీకి పోతున్న ట్రాక్టరు. ట్రాలీ మీంచి రెండు చెరకు గడలు కూడా రోడ్డు మీద పడ్డాయి.

గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆయన భార్య భూమవ్వ తలెత్తి చూసింది. మళ్లీ తల దించుకుంది. "అవ్, టైముకే వచ్చింది" అంది.

జడ అల్లుకుంటూ బయటికి వచ్చిన కూతురు రేణుక ఆ మాట విని ఆగిపోయింది. తండ్రి వీపు వైపు చూసింది, రోడ్డు మీది చెరకు గడల వైపు చూసింది, చివరికి తల్లి వైపు చూసింది. భూమవ్వ కళ్లతోనే 'ఊకో' అంది. చాలా రోజులుగా రేణుక మనసులో నలుగుతున్న అనుమానం ఆ ఒక్క చూపుతో తీరిపోయింది.

లక్ష్మీరాజాన్ని ఆ చుట్టుపక్కల ఎవరూ ఒట్టి పేరుతో పిలవరు, ఇంజన్ రాజం అంటారు. వర్ని, కోటగిరి, బోధన్ దాకా ఏ బెల్లం గానుగ ఇంజన్ మొరాయించినా ఆయన కోసమే కబురు వచ్చేది. మిగతా మెకానిక్కులు ఇంజన్ విప్పి జబ్బు వెతికితే, ఆయన జబ్బు చెప్పి ఇంజన్ విప్పేవాడు. మొదట్లో ఆయన దగ్గర జానెడు తుమ్మకర్ర ఒకటి ఉండేది. దాని ఒక కొస ఇంజన్‌కు ఆనించి, రెండో కొస పళ్లతో కరిచి, రెండు చెవులూ మూసుకునేవాడు. ఇంజన్ లోపల కొట్టుకునే ప్రతి దెబ్బా దవడలోకి వచ్చేది. పేరు పెరిగాక ఆ కర్రను పక్కన పడేశాడు. నాలుగు బారల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచి నిలబడి, ఇంజన్‌ను ముట్టుకోకుండా చెప్పడం తన తరీఖాగా చేసుకున్నాడు. చుట్టూ మూగిన జనం నోళ్లు వెళ్లబెట్టి చూసేవాళ్లు. అంతమంది చూస్తుంటే ఇక కర్ర ఎవరికి కావాలి!

ఆ ఇంజన్లే ఆయన చెవులు తినేశాయి. ముప్పై ఏళ్లు గానుగల పక్కన నిలబడ్డవాడికి వేరే ఏం మిగులుతుంది? ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సర్దుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. కిందటేడు నుంచి గానుగలవాళ్లు పిలిచినా నడుం నొప్పి అని వెళ్లడం లేదు. అడిగితే మాత్రం చెవుల మాట ఎత్తనివ్వడు. ఎలా ఎత్తనిస్తాడు? ఇంజన్ రాజం అన్న పేరంతా ఆ రెండు చెవుల మీదే కదా నిలబడింది.

సరిగ్గా అలాంటి సమయంలో ఇంట్లో ఇంజన్ కొనాల్సిన పని పడింది.

కొడుకు లింబాద్రి ఆరేళ్లుగా ఊళ్లోవాళ్ల ట్రాక్టర్లు తోలుతున్నాడు. ఇక సొంతంగా పదిమంది పట్టే పెద్ద బండి ఒకటి కొని, బోధన్ నుంచి నిజామాబాద్‌కు సర్వీసు తిప్పుకుంటానన్నాడు. పెళ్లిళ్ల కాలంలో కిరాయిలు ఉండనే ఉంటాయి. ఆరేళ్ల కష్టం, ఈ యేడు పసుపు పంట, రెండూ ఆ బండిలోకే పోతున్నాయి. బండి బాగుంటే లింబాద్రి తన కాళ్ల మీద నిలబడతాడు. ఇంజన్ చచ్చిందైతే మళ్లీ పరాయి ట్రాక్టరే గతి.

"బాపు, తొమ్మిదింటి బస్సుకు పోదామా? మామ నిజామాబాద్‌ల బస్టాండు కాడ నిలవడ్తనన్నడు" అన్నాడు లింబాద్రి, తండ్రి ఎదురుగా వచ్చి నిలబడి.

"పోదాం. బిడ్డా, నువ్వు గూడ రా. నువ్వు సదివిన సదువుల ఇంజన్ బొమ్మలుంటయి. నిజం ఇంజన్ ఎట్ల కొనాల్నో ఇయ్యాల సూద్దువు" అన్నాడు లక్ష్మీరాజం.

అది ఎగతాళి కాదు, మురిపెం. రేణుకను నిజామాబాద్ పాలిటెక్నిక్‌లో మెకానికల్‌లో చేర్పించిన రోజు ఊరు ఊరంతా నవ్వింది. ఆడపిల్లకు పానాలు పట్టించే బాపు నువ్వొక్కడివే అన్నారు. "నా కొడుకుకు చేతులొచ్చినయి, నా బిడ్డకు నా చెవులొచ్చినయి. చెవులున్నోళ్లే సదవాలె" అని లక్ష్మీరాజం అందరి నోళ్లూ మూయించాడు. ఇప్పుడు రేణుక బోధన్‌లో ట్రాక్టర్ల వర్క్‌షాపులో పనిచేస్తోంది. అక్కడ ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె.

నిజామాబాద్ బస్టాండులో మేనమామ ఆత్మారాం ఇస్త్రీ చొక్కాతో ఎదురయ్యాడు. ఆత్మారాం భూమవ్వకు తమ్ముడు. నిజామాబాద్‌లోనే చిన్న బట్టల దుకాణం ఉంది, ప్రపంచంలోని ప్రతి వస్తువు మీదా ఒక అభిప్రాయం ఉంది. ఆయనే వాళ్లను హైదరాబాద్ రోడ్డు మీదున్న భోజన్న పాత బండ్ల అడ్డాకు తీసుకెళ్లాడు.

అక్కడ మూడు పెద్ద బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పైకి చూస్తే, రంగు తప్ప, మూడూ కవల పిల్లలే, తేడా అంతా బానెట్ల కిందే. భోజన్న ఒక్కొక్క దాని మీద చెయ్యేసి పెళ్లిచూపుల్లో పిల్లలను చూపించినట్టు చూపించాడు.

"గీ తెల్లది పెట్రోల్ ఇంజన్. కూసుంటె ఉయ్యాల ఊగినట్టుంటది. కాని కిరాయి తిప్పితె సంపాదన బంకుల పోసి రావాలె, ముందే చెప్తున్న. గీ పచ్చది సాదా డీజిల్. ఉరుకది, కాని ఎద్దు లెక్క, ఎంత లోడైనా గుంజుతది. ఇగ గీ మెరూన్ కలర్‌ది టర్బో డీజిల్" అని ఆగి, భోజన్న గొంతు తగ్గించాడు. "ఇందల్వాయి ఘాటు రోడ్డు మీద లారీలన్నిటిని దాటేసి పోతది."

"టర్బోనే బావా! తోలితె టర్బోనే తోలాలె. పచ్చది ముసలోళ్ల బండి" అన్నాడు ఆత్మారాం.

లక్ష్మీరాజం నాలుగు బారలు వెనక్కి నడిచాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, తల వంచాడు. అడ్డాలోని పనివాళ్లు చేతిలో పనులు వదిలేసి వచ్చి చుట్టూ చేరారు. మూడు ఇంజన్లనూ ఒకదాని తర్వాత ఒకటి స్టార్ట్ చేయించాడు. ఒక్కొక్కదానికి ఒక్క నిమిషం. ఆ నిమిషమంతా రేణుక ఇంజన్‌ను చూడలేదు, తండ్రి ముఖాన్నే చూసింది. చిన్నప్పుడు ఆయన అలా నిలబడితే నుదుటి మీద ఒక నరం కదిలేది. ఇప్పుడు ఏదీ కదలలేదు.

"గిది ఇంజన్ అంటె! గుండె సాఫుగ కొట్టుకుంటుంది" అని లక్ష్మీరాజం మెరూన్ బండి వైపు వేలు చూపించాడు.

"ఇంజన్ రాజం పాస్ చేసిన బండి! ఇగ ఎవడన్న వంక పెడ్తడా?" అని భోజన్న చప్పట్లు కొట్టాడు. టీలు వచ్చాయి.

అందరూ టీలు తాగుతుంటే బండి ఇంకా నడుస్తూనే ఉంది. రేణుక దాని దగ్గరికి వెళ్లింది. ఇంజన్ వేడెక్కేకొద్దీ ఆ చప్పుడు అడుగున ఇంకో చప్పుడు, బట్టలో చుట్టిన సుత్తితో కొట్టినట్టు సన్నగా మొదలైంది. మామూలు చెవికి అది అందదు. ఇంజన్ ఆపించి ఆయిల్ పుల్ల తీసి చూసింది. ఆయిల్ బెల్లం పాకంలా చిక్కగా జారింది.

"అన్నా, గీ ఇంజన్ల గేర్ ఆయిల్ కలిపిండ్రా?" అని భోజన్నను అడిగింది.

"ముందుగాల తోలినోడు ఏం పోసిండో నాకేం ఎరుక చెల్లె! మొన్ననే వచ్చింది నా కాడికి" అన్నాడు భోజన్న. అబద్ధం చెప్పే ముఖం కాదది.

రేణుక తండ్రి దగ్గరికి వచ్చి, "బాపు, జర లోడేసి ఘాటు ఎక్కించి సూద్దాం" అంది మెల్లగా. లక్ష్మీరాజం అటు తిరిగి ఉన్నాడు. ఆ మాట ఆయనకు చేరలేదు. భోజన్న చేతిలో చెయ్యేసి, "శుక్రారం వచ్చి కొబ్బరికాయ కొట్టి తీస్కపోత" అని మాట ఇచ్చేశాడు.

సాయంత్రం ఆత్మారాం కూడా వాళ్లతో రుద్రూర్ వచ్చాడు. బండి ఖాయం చేయించినందుకు అక్క చేతి కోడికూర తినకుండా పోతాడా మరి! ముగ్గురు మగవాళ్లూ తింటుండగా రేణుక తండ్రి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"బాపు, మనకు పచ్చ బండి మంచిగుంటది."

లక్ష్మీరాజం ముద్ద ఆపి ఆమె పెదవుల వైపు చూశాడు. "ఎందుకు?"

"అన్న తిప్పేది బోధన్ రోడ్డుల. ఊరికొకతాన ఆగాలె, ఎక్కించుకోవాలె. గాడ టర్బోతోని ఏం పని? సాదా ఇంజనైతె ఏ ఊర్ల ఆగిపోయినా బాగు చేస్కోవచ్చు."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! రెండు బుక్కులు సదివితె మేనమామకు, బాపుకు గూడ నేర్పుతరు గీ కాలం పోరగాండ్లు" అన్నాడు ఆత్మారాం, ఎముక పీలుస్తూ.

"పదిమందిల మాటిచ్చి వచ్చిన. ఇప్పుడు ఉల్టా తిరుగుమంటవా?" అన్నాడు లక్ష్మీరాజం.

"గా ఇంజన్ల దెబ్బున్నది బాపు."

"నేను విన్న. నాకు వినపడని దెబ్బ నీకు వినపడ్డదా?"

రేణుక గొంతులోకి మాట వచ్చేసింది. ఒక్క మాట అంటే చాలు, అన్న బతుకు నిలబడుతుంది. ఆ ఒక్క మాటతోనే బాపు పేరు ఈ కోడికూర పళ్లేల మధ్య, ఆత్మారాం ముందు నేలపాలవుతుంది. ఆత్మారాం చెవిన పడ్డది పొద్దున్నకల్లా నిజామాబాద్ దాటిపోతుంది.

"రేణుకా! నీళ్ల చెంబు తీస్కరా" అంది భూమవ్వ గట్టిగా.

"ఒక్కపారి ఘాటు ఎక్కించి సూడుమంటున్న. గంతే" అంది రేణుక.

"అంటె నన్ను పరీక్ష పెడ్తవా?" లక్ష్మీరాజం ముఖం ఎర్రబడింది. "నీకు ఇనుడు నేర్పిందే నేను. ఇయ్యాల నీ సదువు ముందర నీ బాపు చెవులు పనికిరాకుంట పోయినయా? శుక్రారం నువ్వు రాకు!"

రేణుక లేచి వంటింట్లోకి వెళ్లింది. వెనకే భూమవ్వ వచ్చి కూతురి తల తన భుజానికి అదుముకుంది.

"నాకు రెండేండ్ల సంది ఎరుక బిడ్డా. ఎవలన్న వాకిట్ల పిలిస్తె నేనే ముందట నిలవడి మళ్ల గట్టిగ చెప్త. బస్సంటె బస్సంట, ట్రాక్టరంటె ట్రాక్టరంట. ఏం చెయ్యాలె? గా మనిషికి పేరు తప్ప ఏమున్నది?"

"మరి అన్న గతేంది అవ్వా?"

ఆ ప్రశ్న గుమ్మంలో నిలబడ్డ లింబాద్రి కూడా విన్నాడు.

"నిజం చెప్పు చెల్లె. దెబ్బున్నదా?"

"ఉన్నదన్నా. ఆయిల్ చిక్కగ చేసి దాచిండ్రు ఎవలో. వేడెక్కి, లోడు పడితె బయటికొస్తది."

"బాపుకెట్ల వినపడలే?"

రేణుక తల దించుకుంది. లింబాద్రికి కిందటి వారం పొలం గట్టు మీద వెనక నుంచి నాలుగుసార్లు పిలిచినా తండ్రి తిరక్కపోవడం, కోపమనుకుని తాను రెండు రోజులు మాట్లాడకపోవడం గుర్తొచ్చాయి. కండువాతో ముఖం తుడుచుకుని బయటికి వెళ్లి తండ్రి ముందు కూర్చున్నాడు.

"బాపు, నీ మాట మీద నాకు శక్ లేదు. కాని తోలేటోన్ని నేను. ఘాటు ఎక్కియ్యకుంట బండి ఇంటికి తేను."

లక్ష్మీరాజం కొడుకు వైపు ఎగాదిగా చూశాడు. అనుమానిస్తే ఆయన పౌరుషం రెట్టింపవుతుంది. "మంచిది. పదిమందిని నింపి ఎక్కిద్దాం. రేణుకను గూడ తీస్కరా. ఘాటు మీద ఆమె నోటితోని ఆమెనే ఒప్పుకోవాలె" అన్నాడు.

శుక్రవారం పొద్దున రేణుక అటక మీది పాత రేకు పెట్టె దించింది. అడుగున, మసిగుడ్డలో ఆ జానెడు తుమ్మకర్ర ఉంది. దాని కొస మీద బాపు పళ్ల గాట్లు, వాటి పక్కనే చిన్న చిన్న గాట్లు. అవి తనవే. ఏడేళ్లప్పుడు గానుగ దగ్గర ఆ కర్ర కరిపించి, చెవులు మూసి, "ఏమంటుందే ఇంజను?" అని బాపు అడిగేవాడు. "ఆకలైతుందట" అని తాను చెబితే ఊరికి వినపడేలా నవ్వేవాడు. రేణుక కర్రను కొంగులో దోపుకుంది.

మెరూన్ బండి పదిమందితో బయలుదేరింది. లింబాద్రి స్టీరింగ్ దగ్గర, పక్కన లక్ష్మీరాజం, మధ్యలో కొబ్బరికాయ సంచితో భూమవ్వ, రేణుక, భోజన్న. వెనక ఆత్మారాం, ఆయన భార్యా, ఇద్దరు పిల్లలూ, అడ్డా మనిషి ఒకడు. డిచ్‌పల్లి దాకా బండి హాయిగా ఉరికింది. ఆత్మారాం దాటిన ప్రతి లారీనీ వేళ్ల మీద లెక్కపెట్టి పిల్లలతో చప్పట్లు కొట్టించాడు.

ఇందల్వాయి దాటాక ఘాటు మొదలైంది. ఆయిల్ మరిగింది, పదిమంది బరువు ఇంజన్ మీద పడింది. లింబాద్రి గేరు తగ్గించి తొక్కాడు. అప్పుడు వచ్చింది ఆ దెబ్బ. టక్... టక్... టక్... రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎవరో బానెట్ కింద కూర్చుని సుత్తితో కొడుతున్నట్టే ఉంది. పిల్లలు చప్పట్లు ఆపేశారు. భోజన్న ముఖాన చెమట పట్టింది.

"సూసిండ్రా? వెన్న మీద నడిచినట్టు పోతుంది!" అన్నాడు లక్ష్మీరాజం గర్వంగా.

ఆత్మారాం నోరు తెరిచాడు. "బావా, గీ చప్పుడు..."

రేణుక వెనక్కి తిరిగి ఆయన మణికట్టు పట్టుకుంది. "మామా, నీ కాళ్లు మొక్కుత. జర ఊకో" అంది. ఆత్మారాం ఆమె కళ్లల్లోకి చూశాడు. జన్మలో మొదటిసారి నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

తన మాటకు ఎవరూ వంత పాడకపోయేసరికి లక్ష్మీరాజం వెనక్కి తిరిగాడు. ఒక్కొక్క ముఖమూ చూశాడు. రెండేళ్లుగా ఆయన మనుషులను వినడం లేదు, చదువుతున్నాడు. భోజన్న చెమట చదివాడు. చెవులు మూసుకున్న పిల్లవాడిని చూశాడు. తల ఎత్తని భార్యను చూశాడు. చివరికి కూతురిని చూశాడు. ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి. ఆ బండిలో మిగతా అందరూ వింటున్నది ఏదో తనొక్కడికే వినిపించడం లేదని ఆయనకు అర్థమైపోయింది.

రోడ్డు వైపు తిరిగాడు. "లింబాద్రీ, పైనకెక్కినంక పక్కకాపు. ఇంజన్ బంద్ చెయ్యకు" అన్నాడు.

ఘాటు పైన అందరూ దిగారు. లింబాద్రి బానెట్ ఎత్తాడు. దారిన పోయే లారీవాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా ఆగి దగ్గరికి వచ్చారు. లక్ష్మీరాజం నాలుగు బారల దూరంలో నిలబడ్డాడు కానీ తల వంచలేదు. వంచి ఏం లాభం?

రేణుక ఆయన ఎదురుగా వచ్చి కొంగులోంచి తుమ్మకర్ర తీసి రెండు చేతులతో అందించింది.

"బాపు, నాకు నేర్పింది నువ్వే. నువ్వు చెప్పకుంట నేను చెప్ప."

లక్ష్మీరాజం కర్ర వైపు చాలాసేపు చూశాడు. ఎన్నో ఏళ్ల కింద పక్కన పడేసిన కర్ర అది. నేర్చుకునేవాళ్లు పట్టుకునే కర్ర. ఇంతమంది ముందు ఇంజన్ మీద వంగి దాన్ని కరవాలి. ఆయన చెయ్యి ముందుకు రావడానికి టైం పట్టింది. కానీ వచ్చింది.

కర్ర కొస ఇంజన్‌కు ఆనించి, రెండో కొస కరిచి, అలవాటుగా రెండు చెవులూ మూసుకున్నాడు. మూయాల్సిన పని లేదని ఆయనకూ తెలుసు, రేణుకకూ తెలుసు. ఒకటో సిలిండర్ దగ్గర పెట్టాడు, రెండు దగ్గర పెట్టాడు. మూడు దగ్గర కర్ర ఆగింది. ఆయన నుదుటి మీద నరం కదిలింది. రెండేళ్ల తర్వాత ఒక ఇంజన్ ఆయనతో మాట్లాడింది. కళ్లు మూసుకుని దవడలోకి వస్తున్న ప్రతి దెబ్బనూ అందుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు జారి మీసాల్లోకి దిగాయి.

"మూడోది. రాడ్ బేరింగ్ పోయింది. మూడో పైపు నట్టు జర వదులు చెయ్యి బిడ్డా, సూద్దాం" అన్నాడు లేచి.

రేణుక పానా తీసుకుని నట్టు వదులు చేసింది. డీజిల్ అందక మూడో సిలిండర్ చల్లబడింది. సుత్తి దెబ్బ ఒక్కసారిగా తగ్గిపోయింది. నట్టు బిగించింది, దెబ్బ మళ్లీ వచ్చింది.

"వారెవ్వా! ఇప్పకుంట, పీకకుంట చెప్పిండు!" అన్నాడు ఒక లారీ డ్రైవర్. "ఇంజన్ రాజం ఇంజన్ రాజమే!" అని భోజన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

అక్కడితో ఆగిపోవచ్చు. పేరు పేరులాగే ఉంది, ఎవరికీ ఏమీ తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. ఇంకొకడైతే ఆగిపోయేవాడే. లక్ష్మీరాజం ఆగలేదు.

"జర ఇనుండ్రి" అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. "నాకు చెవులు వినపడ్తలేవు. రెండేండ్లయింది. ఘాటు మీద మీకందరికి వినపడ్డ దెబ్బ నాకు వినపడలే. బుధారం నాడు నేను ఇన్నట్టు నటన చేసిన. నిజంగ ఇన్నది నా బిడ్డ. ఇని గూడ నలుగురిల నా ఇజ్జత్ తియ్యలే. నేను తిట్టిన, రావద్దన్న. అయినా నా కర్ర పట్టుకొని వచ్చింది."

భూమవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. రెండేళ్ల బరువు ఆమెది కూడా. లింబాద్రి తల్లి భుజం మీద చెయ్యేశాడు.

"తప్పయింది బిడ్డా. నా కొడుకు కష్టం నా పౌరుషంల కలిపి పారబోస్తుంటి" అన్నాడు లక్ష్మీరాజం.

రేణుక తండ్రి ఆయిల్ చేతులను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "తప్పేం లేదు బాపు. గిప్పుడు చెప్పింది ఎవలు? నువ్వే గదా. కర్ర ఉన్నది, నేనున్న."

"గంతేనా? చెవులు పోతె పోయినయి, పండ్లు ముప్పైరెండు ఇంక గట్టిగున్నయి!" అన్నాడు ఆయన ఏడుస్తూనే. అందరూ నవ్వారు. ఆత్మారాం మాత్రం రేణుక పక్కకు వచ్చి, "మొన్నటి ఉలిపికట్టె మాట వాపస్ తీస్కుంటున్న కోడలా" అన్నాడు. ఆత్మారాం ఒక మాట వెనక్కి తీసుకోవడం ఆ కుటుంబంలో ఎవరూ చూడలేదు. అందుకే ఆయన భార్య ఇంకోసారి అనిపించింది.

అడ్డాకు తిరిగి వచ్చాక భోజన్న మెరూన్ బండిని పక్కకు తోయించి, తనే పచ్చ బండి తాళం తెచ్చాడు. దాన్ని కూడా ఘాటు ఎక్కించి తెచ్చారు. ఎద్దు నడకే, కానీ ఎక్కడా తడబడలేదు. వచ్చాక వేడి ఇంజన్ ముందు నాలుగు బారల దూరంలో లక్ష్మీరాజం నిలబడబోయి, ఆగి, కూతురి భుజం పట్టి తన చోట నిలబెట్టాడు. తను ఆమె వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

రేణుక తల వంచి విన్నది. పనివాళ్లు చుట్టూ మూగారు. నిమిషం తర్వాత ఆమె తండ్రి వైపు తిరిగి, ఆయనకు పెదవులు కనపడేలా చెప్పింది. "సాఫుగున్నది బాపు. రెండో నాజిల్ ఒక్కటి మార్చుకోవాలె."

"మా బిడ్డ పాస్ చేసింది! కొట్టు కొబ్బరికాయ!" అని లక్ష్మీరాజం వేసిన కేకకు రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూశారు. భూమవ్వ కొబ్బరికాయ కొట్టింది. "చెల్లె, ఇగ నా కాడికి వచ్చే ప్రతి బండి ముందుగాల నువ్వు సూడాలె. నీ పేరు చెప్పుకొనే అమ్ముత" అన్నాడు భోజన్న, కొబ్బరి చెక్క అందుకుంటూ.

నెల తిరిగింది. ఒక పొద్దున లక్ష్మీరాజం ఎప్పటిలాగే వేపపుల్లతో రోడ్డుకు వీపు తిప్పి అరుగు మీద కూర్చున్నాడు. వెనక ఏదో పోయింది, అరుగు బండ అదిరింది. ఆయన పేరు చెప్పలేదు. గడపలో జడ అల్లుకుంటున్న కూతురి వైపు చూశాడు.

"ఏం బండి పోయింది బిడ్డా?"

"మనదే బాపు. అన్న ఫస్టు ట్రిప్పు పోతుండు."

"నాజిల్ మార్చినంక ఎట్లున్నది ఆవాజ్?"

"మంచిగున్నది."

లక్ష్మీరాజం తృప్తిగా తలూపాడు. అంతలో సైకిల్ మీద ఒక కొత్త మనిషి వచ్చి వాకిట్లో దిగాడు. పోతంగల్ అవతలి నుంచి వచ్చాడట, గానుగ ఇంజన్ మూడు రోజులుగా సతాయిస్తోందట. "పెద్దమనిషీ, ఇంజన్ రాజం ఇల్లు గిదేనా?" అని అడిగాడు.

లక్ష్మీరాజం ఆ మనిషి పెదవులనే చూశాడు. నోట్లోంచి వేపపుల్ల తీసి, నిటారుగా కూర్చున్నాడు.

"ఇంజన్ రేణుక ఇల్లు గిది. నేను ఆమె బాపును. కూసో, ఇప్పుడే వస్తది" అన్నాడు.